రంగు చూసి తెచ్చుకున్న పాము

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నాలుగు మాటలు మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, డి.ఆర్. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడతానని ఆయన అనుకుని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా చెప్పగలవారు ముందు వరుసలోనే ఉన్నారు. నేను ఇవాళ ఒక పాము గురించి చెప్పదలచుకున్నాను. నవ్వకండి. ఆ పాము పుణ్యమా అని, యాభై ఏళ్ళుగా నా ఇంట్లో నేను చెయ్యాల్సి ఉండి చెయ్యని పని ఒకటి గుర్తుకొచ్చింది. అది మీలో చాలామందికి కూడా మిగిలి ఉన్న పనే అని నా నమ్మకం.

మా అబ్బాయి వాళ్ళు కొండాపూర్‌లో తొమ్మిదో అంతస్తులో ఉంటారు. నేనూ మా ఆవిడా వాళ్ళ దగ్గరే. బాల్కనీలో కూర్చుంటే హైటెక్ సిటీ అద్దాల మేడలు కనిపిస్తాయి. 1998 నవంబరు 22న వాజపేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించక ముందు ఆ వైపు ఎలా ఉండేదో మీకందరికీ తెలుసు. బండరాళ్ళు, సీతాఫలం పొదలు. జెర్రిపోతులు, నాగుపాములు, రక్తపింజరులు అక్కడి పాత కాపురస్థులు. ఇప్పటికీ వానాకాలం వస్తే ఏదో ఒక అపార్టుమెంటు సెల్లార్లో పాము కనబడుతూనే ఉంటుంది. 1995లో మన నగరంలో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు వచ్చి, దాన్ని చంపకుండా పట్టుకుని తీసుకుపోతారు.

కాని మా ఇంటికొచ్చిన పాము బండల్లోంచి రాలేదు. ప్లాస్టిక్ డబ్బాలో, లిఫ్టులో వచ్చింది.

మా మనవడికి మాదాపూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. వాడితో పనిచేసే కుర్రాడొకడు విదేశం వెళ్తూ, తాను పెంచుకుంటున్న పామును వీడికి అప్పగించాడు. దాని పేరు బాల్ పైథాన్. కొండచిలువ జాతే గాని మన అడవుల్లోది కాదు, పశ్చిమ ఆఫ్రికాది. పెద్దదైనా ఐదు అడుగులు దాటడం అరుదు. విషం లేదు. భయం వేస్తే తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "నాగులచవితికి మనం పుట్ట దగ్గరకు వెళ్తాం గాని, పుట్టనే ఇంట్లోకి తెచ్చుకుంటామట్రా?" అంది. దాని తిండి కోసం తెచ్చే ఎలుకలను తన ఫ్రిజ్‌లో పెడితే ఊరికి వెళ్ళిపోతానని కూడా చెప్పింది. వాడు తన గదిలో వేరే చిన్న ఫ్రిజ్ పెట్టుకున్నాడు.

నేను గుమాస్తాను కదా, ముందు కాగితాలు చూపించమన్నాను. మన దేశపు కొండచిలువను ఇంట్లో ఉంచుకోవడం నేరం. అది వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. ఈ ఆఫ్రికా పాము సంగతి వేరు. చట్టానికి 2022లో చేసిన సవరణతో, అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉన్న విదేశీ జంతువులను కూడా నాలుగో షెడ్యూలులోకి తెచ్చారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం వాటిని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పుట్టినా, చచ్చినా, చేతులు మారినా తెలియజేయాలి. మన జనన మరణాల రిజిష్టరు లాంటిదే. మావాడి కాగితాలు సక్రమంగానే ఉన్నాయి. అందరివీ అలా ఉండవు. 2023 సెప్టెంబరులో బెంగుళూరు విమానాశ్రయంలో, బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో రకరకాల రంగుల బాల్ పైథాన్లు 55, నల్లత్రాచులు 17 దొరికాయి. వాటితో పాటు ఆరు కోతులు చచ్చిపడి ఉన్నాయి. ఈ రంగుల మోజు వెనక అటువంటి దారి కూడా ఉంది.

ఇక మా ఇంటి పాము. చూడముచ్చటగా ఉండేది. తేనె రంగు ఒంటి మీద సాలెగూడు పోగుల్లా సన్నని నల్లగీతలు. అందుకే ఆ రకాన్ని స్పైడర్ అంటారు. మొదటి వారం నేను కూడా పక్కన కుర్చీ వేసుకుని చూశాను. రెండో వారంలో ఒకటి గమనించాను. అది తల ఎత్తినప్పుడు ఆ తల నిలవదు. సన్నగా వణుకుతుంది. ఒక్కోసారి మెడ మెలిదిరిగి, గడ్డం పైకి, నడినెత్తి కిందికి అయిపోతుంది. మనవడు పట్టకారుతో చచ్చిన ఎలుకను అందిస్తే, అది ఎలుకకు జానెడు పక్కన గాలిని కరుస్తుంది. రెండోసారి, మూడోసారికి గాని అందుకోలేదు.

"డాన్సు చేస్తుంది తాతయ్యా, ఈ రకమంతా ఇంతే" అన్నాడు వాడు.

నాకది డాన్సులా కనబడలేదు. ఎందుకంటే రెండేళ్ళ కిందట నాకు తల తిరుగుడు జబ్బు వచ్చింది. మీలోనూ చాలామందికి వచ్చే ఉంటుంది. తెల్లవారి పక్క మీద ఇటు నుంచి అటు తిరిగితే చాలు, గది మొత్తం గిర్రున తిరిగేది. మంచం పట్టీ గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకునేవాణ్ణి. డాక్టరుగారు, అది మెదడు జబ్బు కాదు, లోపలి చెవిలో తేడా అని చెప్పారు. మన చెవి వినడానికే కాదు, నిలబడడానికి కూడా. లోపలి చెవిలో మూడు వంపు గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల ఎటు తిరిగితే ఆ ద్రవం కదలిక నరాల ద్వారా మెదడుకు తెలుస్తుంది. నా తల అటూ ఇటూ తిప్పి ఏదో చికిత్స చేశారు, నాలుగు రోజుల్లో కుదురుకుంది.

ఆ పాముకు కుదురుకోవడం లేదు. అది పుట్టుకతోనే అంత. ఎందుకో మావాణ్ణే కనుక్కుని చెప్పమన్నాను. వాడు వారం రోజులు చదివి, నాకు తెలుగులో విప్పి చెప్పాడు. ఆ పిల్లవాడి ఓపికకు నేను ఇక్కడ కృతజ్ఞత చెప్పుకోవాలి.

ప్రపంచంలో ఉన్న స్పైడర్ పాములన్నీ ఒకే ఒక్క పాము సంతానం. 1999లో ఆఫ్రికా నుంచి అమెరికాకు చేరిన ఒక పాము మీద ఆ గీతలు కనిపించాయి. పెంపకందారు దాన్ని మామూలు పాములతో జత కట్టించాడు. ఈ గుణానికి తల్లి దగ్గర నుంచో తండ్రి దగ్గర నుంచో ఒక్క జన్యువు ప్రతి వస్తే చాలు. కనుక పిల్లల్లో సగటున సగం స్పైడర్లుగా పుట్టాయి. మొదట్లో వాటి ధర ఆకాశంలో ఉండేది. గీతలతో పాటే ఆ తల వణుకు కూడా దిగింది. కొన్నింటిలో చూసీ చూడనట్టు ఉంటుంది, కొన్నింటిలో బోర్లా తిరిగితే సరిగా సర్దుకోలేనంత ఉంటుంది. తల్లికి తక్కువగా ఉంటే పిల్లకూ తక్కువగా ఉంటుందన్న హామీ లేదు.

2022లో జర్మనీ శాస్త్రవేత్తలు కొన్ని స్పైడర్ పాముల తలలను అతి సూక్ష్మమైన సి.టి. స్కానుతో పరీక్షించి, మామూలు పాములతో పోల్చి చూశారు. లోపలి చెవిలోని వంపు గొట్టాలు ఆకారం చెడి ఉన్నాయి. నిలకడ చూసే చిన్న తిత్తి కూడా కుంచించుకుని ఉంది. అంటే నాకు నాలుగు రోజులు పట్టిన తల తిరుగుడు లాంటిది దానికి జన్మంతా. ఈ జాతి పాము బోనులో ఇరవై ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. అమెరికాలో సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలకు 1961లో వచ్చిన బాల్ పైథాన్ ఒకటి 2020లో ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి దానికి అరవై దాటి ఉంటాయని అంచనా. మన పెన్షనర్ల కోవలోదే. కాబట్టి జన్మంతా అంటే చిన్న మాట కాదు.

గీతలకూ చెవికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. గర్భంలో పిండం తయారయ్యేటప్పుడు వెన్ను దగ్గర పుట్టే కొన్ని కణాలు దేహమంతా వలస పోతాయి. చర్మానికి రంగునిచ్చే కణాలు అవే. లోపలి చెవికి వెళ్ళి చేరేవీ వాటిలో ఉన్నాయి. ఆ కణాల నడకలో మార్పు వస్తే రంగూ మారవచ్చు, చెవీ చెడవచ్చు. స్పైడర్ విషయంలోనూ శాస్త్రవేత్తలు అనుమానిస్తున్నది దీన్నే. ఇది పాములకే కాదు. తెల్లని బొచ్చు, నీలి కళ్ళు ఉన్న పిల్లులకు తరచు చెవుడు ఉంటుందన్న సంగతి డార్విన్ తన గ్రంథంలో రాశాడు.

ఈలోగా అసలు ఇబ్బంది వచ్చింది. మనవడి స్నేహితుడి దగ్గర మగ పాము ఉంది. మనది ఆడది. జత కట్టిస్తే ఐదారు గుడ్లు, రెండు నెలల్లో పిల్లలు. నమోదు చేయించి అమ్ముకుంటే లాప్‌టాప్ డబ్బులు వస్తాయని ఇద్దరూ లెక్క వేసుకున్నారు. నేను వద్దన్నాను.

"వేరే రక్తం కలుపుతున్నాం కదా తాతయ్యా, వణుకు పోతుందేమో" అన్నాడు.

"1999 నుంచి జరుగుతున్నది అదే కదరా. వేరే పాములతోనే జత కట్టిస్తూ వస్తున్నారు. గీతలు మిగిలిన చోటల్లా వణుకూ మిగిలింది. రంగు ఒక ఫైలు, జబ్బు ఇంకో ఫైలు అయితే విడదీయవచ్చు. ఇక్కడ రెండూ ఒకే కాగితానికి అటూ ఇటూ ఉన్నాయి" అన్నాను.

ఇక్కడ ఒక తేడా మీకు మనవి చెయ్యాలి. దగ్గర రక్తం కలవడం వల్ల వచ్చే చిక్కు వేరు. దానికి ఉదాహరణ మనం మనవల్ని తీసుకెళ్ళి చూపించే తెల్లపులి. మన నెహ్రూ జూలాజికల్ పార్కులోనూ తెల్లపులులు ఉన్నాయి. వాటి కథ 1951లో మొదలైంది. రేవా మహారాజు మార్తాండ్ సింగ్ ఒక తెల్లపులి కూనను పట్టి మోహన్ అని పేరు పెట్టాడు. మామూలు ఆడపులితో జత కట్టిస్తే తెల్లకూనలు పుట్టలేదు. ఎందుకంటే తెలుపు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ కావాలి. అందుకని మోహన్‌ను దాని కూతురు రాధతోనే జత కట్టించారు. 1958లో నాలుగు తెల్లకూనలు పుట్టాయి. ఆ వంశాన్ని తెల్లగా ఉంచడానికి దగ్గర చుట్టరికాలే మళ్ళీ మళ్ళీ కలిపారు. దాచి ఉన్న లోపాలు కూడా అలాగే జంటగా కలిసి బయటపడతాయి. ఇది కాక, ఆ తెలుపుతో పాటే వచ్చే చిక్కు ఒకటుంది. కంటి నుంచి మెదడుకు పోయే నరాలు కొన్ని తప్పు వైపుకు పోతాయని 1973లో ఒక తెల్లపులిని పరీక్షించి చెప్పారు. చాలా తెల్లపులులకు మెల్లకన్ను ఉండేది అందుకే. ఆ తెలుపుకు కారణమైన జన్యువును 2013లో గుర్తించారు. 2011లోనే అమెరికా జంతు ప్రదర్శనశాలల సంఘం తన సభ్యులను తెల్లపులుల పెంపకం మానమంది.

మావాడికి బాగా పట్టింది మాత్రం నేను చెప్పిన సర్వీసు రిజిష్టరు పోలిక. ఎస్టాబ్లిష్‌మెంటు సీటులో పనిచేసినవారికి తెలుసు. పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, ఇంక్రిమెంట్లు అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, సస్పెన్షను కాలం ఒక్కటి రాయకుండా వదిలేస్తే ఏమవుతుంది? ముప్ఫై ఏళ్ళ దాకా ఎవరికీ తెలియదు. పెన్షను కాగితాలు ఆడిట్‌కు వెళ్ళిన రోజున తెలుస్తుంది. అప్పుడు బాధపడేది రాయని గుమాస్తా కాదు, ఆ ఉద్యోగి, అతని భార్యాపిల్లలు. ఈ రంగుల పాములు అమ్మేటప్పుడు తల్లి రంగు, తండ్రి రంగు, తాత రంగు అన్నీ చెబుతారు. రిమార్కుల కాలమ్ ఖాళీగా ఉంచుతారు. "ఆ కాలమ్ నింపి అమ్మగలిగితే అమ్ముకో. నింపితే ఎవడూ కొనడు అనుకుంటే, పుట్టించకు" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "మరి మన ఇంట్లో ఆ కాలమ్ నింపారా తాతయ్యా?"

మిత్రులారా, నేను ఇవాళ లేచి నిలబడింది ఆ ప్రశ్న గురించి చెప్పడానికే.

మా పెద్దక్కను మా చిన్న మేనమామకే ఇచ్చారు. మన వైపు అది మామూలే. వాళ్ళకు నలుగురు పిల్లలు. ఇద్దరికి పుట్టుకతోనే వినపడదు, అందుకని మాటలు కూడా రాలేదు. ఎవరైనా అడిగితే మా అమ్మ, "చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి చెవులు పోయాయి" అనేది. అందరం అదే చెప్పాం. 1981లో మా తమ్ముడికి, పెద్ద మేనమామ కూతుర్ని చేసుకున్నాం. అప్పటికి నేను ఉద్యోగస్థుణ్ణి, ఇతరుల రిజిష్టర్లు తప్పుల్లేకుండా రాసేవాణ్ణి. టైఫాయిడ్ మాట అబద్ధమని నాకు తెలుసు. ఒక్క మాట అడ్డం చెప్పలేదు. మా తమ్ముడి పెద్దమ్మాయికి కూడా వినపడదు. ఆ విషయం వాళ్ళు గ్రహించేసరికి ఆ పిల్లకు మూడేళ్ళు దాటాయి. టైఫాయిడ్ రాలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మేనరికాలన్నీ ఇలా అవుతాయని నేను అనడం లేదు. అలా అనుకుంటే ఈ హాల్లో సగం మందిని అవమానించినట్టే, నాతో సహా. చాలామంది పిల్లలు నిక్షేపంగా పుడతారు. దాగి ఉన్న లోపం ఒకటి కుటుంబంలో ఉంటే, ఇద్దరి దగ్గరా అదే ప్రతి ఉండే అవకాశం దగ్గర చుట్టరికంలో ఎక్కువ. అంతే. ఇది ఒక్క కుటుంబం మాట కాదు కూడా. తార్నాకలోని మన సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా జన్యువులు పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చినవని తేలింది. దూరపు సంబంధమైనా ఒకే సమూహంలో ఒకే లోపం రెండు వైపులా ఉండవచ్చు. ఆర్యవైశ్యుల్లో కొందరికి, ఆపరేషనులో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు త్వరగా దిగదన్న సంగతి మత్తు డాక్టర్లకు చాలాకాలంగా తెలుసు. రోజువారీ బతుకులో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ముందు చెబితే డాక్టరు వేరే మందు వాడతారు. చెప్పకపోతే ప్రమాదం. అది ఎవరి తప్పూ కాదు, కాలమ్ నింపడం మాత్రం మన పని.

ఈ పరిశోధనలకు పేరుపడిన సి.సి.ఎం.బి.లో డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని తెచ్చిన లాల్జీ సింగ్‌గారు మొదట పరిశోధన చేసింది పాము మీదే. నల్లపట్టీలు, పసుపుపట్టీలు ఉండే బంగారు పాము. ఆ జాతికి శాస్త్రీయ నామంలో ఉన్న బంగారస్ అన్న మాట మన తెలుగు బంగారమే. ఒక పాము నుంచి తీసిన డి.ఎన్.ఏ. తునకతో 1988 నాటికి మనుషుల తల్లిదండ్రులను తేల్చే పద్ధతి మన ఊళ్ళో తయారైంది. పాము నుంచి మనిషి గురించి నేర్చుకోవడం హైదరాబాదుకు కొత్త కాదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

మావాడి ప్రశ్నకు ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు వంద పేజీల నోటుబుక్కు తెప్పించి, గీతలు గీసి, కాలమ్‌లు పెట్టాను. పేరు, తల్లి, తండ్రి, పుట్టిన సంవత్సరం, రిమార్కులు. మూడు తరాలు రాసేసరికి నాకు తెలియనివి చాలా ఉన్నాయని తెలిసింది. భయపడుతూనే మా పెద్దక్కకు ఫోను చేశాను. ఆమెకు ఎనభై దాటాయి. ఎందుకు అడుగుతున్నానో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నాళ్ళకు అడిగావురా" అంది. ఒక్కొక్కరి పేరూ చెప్పడం మొదలుపెట్టింది. ఏ మందూ వికటించక, ఏ జ్వరమూ రాక, పుట్టుకతోనే వినపడని పిల్లలు మా అమ్మమ్మ వైపు ఇంకా ఇద్దరున్నారట. నాకు ఆ రోజు దాకా తెలియదు. అక్కకు ఎప్పటినుంచో తెలుసు. అడిగినవాళ్ళు లేరు.

ఇప్పుడు పుట్టిన కొద్ది రోజులకే పసిబిడ్డకు వినికిడి పరీక్ష చెయ్యవచ్చు. లోపం ఉంటే కాక్లియర్ ఇంప్లాంటు ఉంది. ఎంత త్వరగా తెలిస్తే ఆ బిడ్డకు అంత మాట వస్తుంది. మనం పరువు కోసం దాచిన ప్రతి ఏడూ ఆ బిడ్డ దగ్గర నుంచి తీసుకున్నదే. మా తమ్ముడి కూతురికి మేం బాకీ పడ్డ మూడేళ్ళు ఏ అరియర్సు బిల్లుతోనూ తీరవు.

పాము సంగతి చెప్పి ముగిస్తాను. అది మావాడి గదిలోనే ఉంది. మగ పామును తీసుకురాలేదు. డబ్బాలో ఎత్తైన కొమ్మలు తీసేసి, నేల మీదే దాక్కునే గూడు పెట్టాడు, పడిపోకుండా. ఎలుకను దాని మూతి దగ్గరగా, కదపకుండా పట్టుకుంటాడు. ఇప్పుడు చాలాసార్లు మొదటిసారికే అందుకుంటోంది. మా ఆవిడ దూరం నుంచి, "తిన్నదా?" అని అడుగుతోంది. మొన్న కుబుసం విడిచింది. మావాడు దాన్ని నా నోటుబుక్కులో పెట్టి ఇచ్చాడు.

ప్రతి నవంబరులోనూ లైఫ్ సర్టిఫికెట్ కోసం ట్రెజరీకో, బ్యాంకుకో, మీసేవకో వెళ్తాం. మనం బతికి ఉన్నామని సంతకం పెడతాం. ఈ ఏడు అదే రోజున ఇంటికి వచ్చి, ఇంకొక కాగితం రాయండి. ఇంట్లో ఎవరికి ఏ లోపం పుట్టుకతో ఉందో, ఎవరికి మూర్ఛ ఉందో, ఎవరు చిన్న వయసులో పోయారో, ఎవరికి ఏ మందు పడలేదో రాసి పిల్లలకు ఇవ్వండి. గోత్రం, నక్షత్రం రాసే కాగితం మీదే ఇంకొక కాలమ్ గీయండి. అది రాయగలిగినవాళ్ళం మనమే. మన తర్వాత ఆ ఎంట్రీలు వేసే గుమాస్తా ఎవడూ లేడు.